నమూనా పెళ్ళి

మోహనను పోయిన వారం అంగడి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఎదురుగా తెల్ల కారు ఆగింది, మునస్వామి దిగాడు, మోహనకు కాళ్ళు వణికాయి. అక్కడ ఆగింది కథ. పాపం, వారమంతా ఆమె అలా వణుకుతూనే ఉందని అనుకోకండి. ఆమెకు గడిచింది ఒక్క నిమిషమే. ఇప్పుడే వచ్చి చేరిన వాళ్ళ కోసం జరిగిందంతా గబగబా చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

పాకాల స్టేషన్ రోడ్డులో మోహనది ఫ్లెక్సీల అంగడి. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు అతికించేది మోహన. అచ్చు వేయించుకొచ్చి, నిచ్చెన ఎక్కి స్తంభాలకు కట్టేది ఆమె మొగుడు ధనశేఖర్. ఊళ్ళో ఎవరికి చెవులు కుట్టినా, ఎవరు కొత్త ఇంట్లో చేరినా, ఎవరు పోయినా ముందు కబురొచ్చేది ఈ అంగడికే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, అంగట్లో ఈగలు తోలుకుంటూ కూర్చోలేక, రాబోయే శ్రావణం కోసం మోహన ఒక నమూనా పెళ్ళి ఫ్లెక్సీ తయారుచేసింది. సినిమావాళ్ళ మొహాలు పెడితే జనం పట్టించుకోరని, పాత గిరాకీల ఫ్లెక్సీల కోసం ముందే కత్తిరించి పెట్టుకున్న మొహాల్లోంచి రెండు తీసుకుంది. ఒక మొహం కుడికి చూస్తోంది, ఒకటి ఎడమకు చూస్తోంది. పక్కపక్కన పెడితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నట్టు అమరాయి. ఆమె చూసుకున్నది అంతే. ఫోన్లో కొత్తగా వేసుకున్న యాప్ ఆ అమ్మాయికి పట్టుచీర కట్టింది, ఆ అబ్బాయికి పంచె కట్టింది, ఇద్దరి మెడల్లో దండలు వేసి చేయీ చేయీ కలిపింది.

ఊళ్ళో పెడితే మొహాలు గుర్తుపడతారని మోహనకు తెలుసు. ఆ మాత్రం తెలివి ఉంది. అందుకే కింద చిన్న అక్షరాల్లో ‘నమూనా’ అని రాసి, రెండు జిల్లాల డిజైనర్లు ఉన్న గ్రూపులో మాత్రం పెట్టింది. బయటూరి వాళ్ళకు వీళ్ళెవరో ఏం తెలుస్తుందిలే అనుకుంది. రెండు రోజుల్లో ఆ బొమ్మ చిత్తూరు తిరిగి, తిరుపతి తిరిగి, కింద అక్షరాలు ఊడిపోయి, ‘మన పాకాల’ గ్రూపులోకి వచ్చి పడింది. అందులో ఉన్నది వెయ్యిమంది. ఆషాఢంలో పెద్దలు ఒప్పుకుని చేసే పెళ్ళి ఎక్కడుంటుంది, కాబట్టి ఇది లేచిపోయి చేసుకున్న పెళ్ళే అని ఊరు గంటలో తేల్చేసింది.

అమ్మాయి రాజశ్రీ. మామిడికాయల మండీ మునస్వామి కూతురు, తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతోంది. నాయుడుపేట సంబంధం కుదిరి శ్రావణంలో తాంబూలాలకు దినం పెట్టుకున్నారు. అబ్బాయి విజయ్ కుమార్. చర్చి వెనక కాలనీలో ఉండే ఆయా తాయమ్మ కొడుకు, తిరుచానూరులో ఒక లాడ్జిలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటాడు. ఈ ఇద్దరూ అంతకు ముందు ఒకరి మొహం ఒకరు ఎరగరు. బొమ్మ ఊళ్ళోకి వచ్చి నాలుగు రోజులైంది. అది చేసింది తానేనని మోహన నోరు విప్పలేదు. విప్పనివ్వలేదు ధనశేఖర్. ఇదీ సంగతి. ఇక కారు తలుపు తెరుచుకుంది.

మునస్వామి చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. అంగడికి వచ్చి చెప్పులు విడిచే మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. వెనకే ఆయన భార్య భారతమ్మ. రాజశ్రీ మణికట్టు ఆమె గుప్పిట్లో ఉంది. పిల్ల తల వంచుకుని నడుస్తోంది గానీ ఏడవడం లేదు. ఎడమ చెంప మీద వేళ్ళ వాతలు తేలి ఉన్నాయి. అవి చూడగానే మోహన చూపు తిప్పేసుకుంది.

“ఏం మోహనా, నిలబడే ఉండావు? నీ అంగట్లో నువ్వు నిలబడితే మేము యాడ కూచునేది?” అన్నాడు మునస్వామి.

“కూచోండన్నా. రాక్కా, కూచో. పాపా, రామ్మా.” మోహన కుర్చీలు లాగింది. రెండే ఉన్నాయి. రాజశ్రీ వెళ్ళి గోడవారనున్న స్టూలు మీద కూర్చుంది. తల్లి చెయ్యి అప్పుడు వదిలింది.

“నీ మీదికి రాలా మేము. బెదురుకోవద్దు,” అన్నాడు మునస్వామి. “నీతో పనిబడి వచ్చినాం.” జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఆ బొమ్మే. నాలుగు రోజులుగా మోహన కళ్ళు మూసుకున్నా కనబడుతున్న ఆ బొమ్మే. “ఊరంతా సూసినారు, నువ్వూ సూసే ఉంటావు. ఇది నిజంగా నిలబడి తీసుకున్న ఫోటోనా, ఎవురన్నా సేసిందా? నాకు తెలీదు, మా ఇంటిదానికీ తెలీదు. నువ్వు పదేండ్లుగా ఇదే పనిలో ఉండావు. నీ మాట నేను నమ్ముతా.”

మోహన తిట్టడానికి వచ్చారనుకుంది, తెలిసిపోయి వచ్చారనుకుంది. చీపురుతో కొట్టినా పడదామని లోపల సిద్ధపడిపోయింది కూడా. తీరా వీళ్ళు నమ్మకంతో వచ్చారు. అంతకంటే ఘోరం ఏముంటుంది చెప్పండి.

“ఎందుకన్నా ఇప్పుడు ఇదంతా...” అని నసిగింది.

“ఎందుకా?” మునస్వామి గొంతు తగ్గించాడు. “మా వాడు మునికృష్ణ తిరుచానూరులో ఉండాడు మోహనా. ఆ పిల్లోడు పన్జేసే లాడ్జి ఏదో మాకు తెలీదు. పొద్దున గ్రూపులో ఎవురో బోర్డుతో సహా ఫోటో తీసి పెట్టినారు, ఇదో ఈడుండాడు అని. నా కొడుకు నలుగురిని ఎక్కించుకోని పోయినాడు. లాడ్జికి ఎదురుగా టీ అంగట్లో కూచోని ఉండారు. నేను ఫోన్ జేసేదాకా కదలద్దురా అని వాని చేత వొట్టేయించినా. అది నిజం ఫోటో అని నువ్వంటే నేను ఆపను. ఆపినా వాడు ఆగడు. కాదని నువ్వంటే, రమ్మంటా.”

అదీ సంగతి. తిరుచానూరులో ఒక పిల్లవాడి ఎముకలు, పాకాలలో ఈమె నోటి మాట.

మోహనకు ఒక్కసారిగా ఊపిరాడింది. ఇంతేనా! కాదంటే చాలు. చేసింది ఎవరని ఆయన అడగలేదు, నిజమా కాదా అనే కదా అడిగాడు. గబగబా ఫోను అందుకుని బొమ్మను వేళ్ళతో పెద్దది చేసింది. కలిపిన చేతుల దగ్గర ఆపింది.

“ఇది సూడన్నా. పిల్లోడి చెయ్యి. వేళ్ళు లెక్కబెట్టు.”

మునస్వామి కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క వేలి మీదా తన బొటనవేలు ఆనించుకుంటూ లెక్కపెట్టాడు. “మూడు... నాలుగు... అయిదు...” ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. “ఆరు!”

“మనిషి చేతికి ఆరు వేళ్ళు ఉంటాయా అన్నా? ఫోన్లో యాపులు సేసే బొమ్మల్లో ఇట్టనే వస్తాయి. ఇద్దరూ ఒకసోట నిలబడిందే ల్యా. మొగాలు తెచ్చి అతికించినారు. ఇది నిజం కాదు, వొట్టు.”

నాలుగు రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి మునస్వామి ఛాతీలోంచి బయటికొచ్చింది. భారతమ్మ కూతురివైపు చూసింది. ఆ చూపులో సంతోషం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. రాజశ్రీ మాత్రం తలెత్తలేదు.

మునస్వామి అక్కడికక్కడే కొడుక్కి ఫోన్ చేశాడు. చెవి సరిగా వినబడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు.

“రేయ్ కిట్టా, అది అబద్ధమంట రా. బొమ్మలో చేతికి ఆరు వేళ్ళుండాయి. మోహన సూపించినాది. వచ్చేయండి ఇంగ.”

అవతల ఎవరో నవ్వారు. బస్సు హారన్ ఒకటి మోగింది. తర్వాత మునికృష్ణ గొంతు వచ్చింది. “అబద్ధమని మేమూ అనుకున్యాం నాయనా. అబద్ధమైతే మాత్రం? ఎవురు సేసినారు మరి? ఈ పిల్లోడే సేసినాడు. మన పాప ఫోటో యాడో పట్టినాడు, పక్కన నిలబడుకున్నట్టు సేసుకున్యాడు, ఊరి మీదికి వదిలినాడు. గ్రూపులో అందరూ అదే అంటా ఉండారు. పెండ్లి చెడగొట్టి తానే సేసుకోవాలని ఎత్తు. నిజంగా ఇష్టపడింటే రెండు తగిలించి వదిలేసి ఉందుం. ఇట్టాంటి పని సేసినోణ్ణి వదిలేది ఎట్ల? చేతులిరగ్గొడితే ఇంగో బొమ్మ సెయ్యడు.”

మునస్వామి మోహనవైపు చూశాడు. “వాడు సెప్పేదీ నిజమే కదమ్మా? ఎవురో ఒకరు సేసిండాల గదా?”

ఏం చేస్తుంది మోహన! కాపాడదామని చెప్పిన మాటే ఆ పిల్లవాడి మీద పడింది. విజయ్ కుమార్ ఆమెకు బాగా గుర్తు. క్రిస్మస్ ఫ్లెక్సీ వేయించడానికి వచ్చినప్పుడు ఇదే బల్ల పక్కన నిలబడి, “అక్కా, నా మొగం పెద్దదైపోయినాది. పాస్టరుగారిది పెద్దది చెయ్యి, నాది మూలకు నెట్టెయ్,” అని బతిమాలాడు. ఫ్లెక్సీ కట్టేటప్పుడు ధనశేఖర్‌కు నిచ్చెన పట్టుకుని గంటసేపు ఎండలో నిలబడ్డాడు. ఆ చేతులనే ఇప్పుడు విరగ్గొడతామంటున్నారు.

“ఆగురా, పెట్టేయొద్దు,” అని కొడుకుతో చెప్పి మునస్వామి ఫోను బల్ల మీద పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ధనశేఖర్ భుజాన తాడు చుట్ట వేసుకుని లోపలికొచ్చాడు. ఒక్క చూపులో అంతా అర్థమైపోయింది ఆయనకు. పెళ్ళాం మొహం చూశాడు. వద్దు అన్నట్టు కనుబొమలు కదిపాడు.

“మేము అచ్చేసేవాళ్ళం మునస్వామన్నా, మాకేం తెలుస్తాది? ఎవురు సేసినారో ఏమో. ఇట్టాంటియన్నీ పోలీసోళ్ళు కనుక్కుంటారు. మోహనా, లే, లైన్‌మెన్ ఫ్లెక్సీ సగంలో ఉండాది.”

“నేనే సేసినా అన్నా,” అంది మోహన.

ధనశేఖర్ నుదురు కొట్టుకున్నాడు.

“ఆ పిల్లోడు కాదు. వానికేం తెలీదు. నేనే సేసినా. శ్రావణానికి సాంపుల్ కావాలని, నా కాడుండే మొగాల్లో రెండు తీసి పెట్టినా. ఎవురి మొగం ఎవురి పక్కన పెడతా ఉండానో ఆలోచన సేయలా అన్నా. కండ్లు కుదిరినాయని పెట్టినా. ఇట్లయితాదని అనుకోలా.”

“ఎవురు?” ఫోన్లోంచి మునికృష్ణ అరిచాడు. “నాయనా, ఎవురు సేసినారంటా ఉండాది?”

మోహన బల్ల మీదికి వంగి ఫోన్లోకి చెప్పింది. “నేను, కిట్టా. మోహనక్కను. నేను సేసినా. ఆ పిల్లోణ్ణి ముట్టుకోవద్దు నాయనా, నీకు దండం పెడతా. కొడితే నన్ను వచ్చి కొట్టు.”

నమ్ముతారో లేదోనని కంప్యూటర్ తెర వాళ్ళవైపు తిప్పింది. ఫైలు తెరిచి చూపించింది. దండలు వేరే, చీర వేరే, మొహాలు వేరే. ఒక్కొక్కటీ నొక్కి తీసేస్తుంటే పెళ్ళి కాస్తా విడిపోయి, చివరికి ఖాళీ మండపం మిగిలింది. ఆ మొహాలు తీసిన ఫోల్డరూ తెరిచింది. వందల మొహాలు, మెడ దగ్గరికి కత్తిరించినవి, వరసగా. వాటిలో మునస్వామి మొహం ఉంది. రెండేళ్ళ కిందట పోయిన ఆయన తండ్రి మొహం ఉంది. మునస్వామి కళ్ళజోడు సవరించుకుని దాని మీదికి వంగాడు.

“మా నాయన్ని గూడా పెట్టుకోని ఉండావు,” అన్నాడు. “ఎవురి పక్కన నిలబెడతావు ఈయన్ని?”

ఆ ఫోల్డర్ మోహనకు ఎప్పుడూ తప్పుగా అనిపించలేదు. పని తొందరగా అయ్యేది, గిరాకీ సంతోషపడేది, అంతే. ఈ పదేళ్ళలో ఊరంతా తమ మొహాలు తామే తెచ్చి ఇచ్చారు. ఇంకా అందంగా చెయ్యక్కా, తెల్లగా చెయ్యక్కా అని అడిగి మరీ ఇచ్చారు.

భారతమ్మ లేచింది. కొడుతుందేమోనని ధనశేఖర్ అడ్డం వచ్చాడు. ఆమె కొట్టలేదు.

“కొత్తింట్లో చేరినప్పుడు నీకు సీర పెట్టినా గదే మోహనా,” అంది. “నా సేతులతో పసుపు కుంకం ఇచ్చి సీర పెట్టినా. నా బిడ్డ మొగం నీకు సాంపులా? నాలుగు దినాలుగా దాన్ని కొడతా ఉండా. ఎవుడే వాడు, ఎప్పట్నుంచే అని అన్నం పెట్టకుండా కొడతా ఉండా. నా సెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా. నువ్వు ఈడ ఈ పంకా కింద కూచోని ఆ గ్రూపులో అన్నీ సూస్తా ఉండావు. ఒక్క మాట... ఒక్క మాట వచ్చి సెప్పింటే!”

మోహన ఆమె కాళ్ళ మీద పడిపోయింది. భారతమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“లెయ్, లెయ్. నా కాళ్ళు పట్టుకుంటే నాకేమొస్తాది? ఊరికి సెప్పు,” అన్నాడు మునస్వామి. “ఆ గ్రూపులోనే సెప్పు. నీ గొంతుతో సెప్పు. అందరూ వినాల.”

ధనశేఖర్ నోరు తెరవబోయాడు. మోహన వినలేదు. తన ఫోను తీసి ‘మన పాకాల’ తెరిచి, వేలు నొక్కిపట్టి మాట్లాడింది. “నేను మోహనను, స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీల మోహనను. మన మునస్వామన్న కూతురి ఫోటో అబద్ధం. నేను సాంపుల్ కోసం సేసినాను. ఆ పిల్లకూ ఆ పిల్లోడికీ ఏ సంబంధమూ ల్యా. తప్పు నాదే. అందరూ ఆ ఫోటో తీసేయండి, మీకు పుణ్యముంటాది.” చివర్లో ఏడ్చేసింది. ఆ ఏడుపూ అందులోనే రికార్డయింది. పంపేసింది.

నలుగురూ ఆ చిన్న తెర మీదికి వంగారు. విన్నవాళ్ళ లెక్క పెరుగుతోంది. యాభై మంది విన్నారు. నూరు మంది విన్నారు.

మొదటి జవాబు వచ్చింది. పడీపడీ నవ్వుతున్న మొహాలు నాలుగు. రెండోది: “ఎంతిచ్చినారక్కా?” మూడోది: “పెద్దోళ్ళ పరువు కోసం పాపం ఈమె చేత చెప్పిస్తా ఉండారు.” ఒకరు దేవుడి పటం మీద శుభ మధ్యాహ్నం అని పెట్టారు. వీళ్ళ సంగతి వినకుండానే పెట్టి ఉంటారు. గ్రూపు నడిపే రిటైర్డు గార్డు కుప్పయ్య, సభ్యులు శాంతం వహించవలెను అని రాశాడు. దాని కిందే ఇంకొకరు అదే పెళ్ళి బొమ్మ మళ్ళీ పెట్టి, ఏది నిజమో మీరే చెప్పండి అని అడిగారు. ఓట్లు పడడం మొదలైంది.

“ఇంత సెప్పినా నమ్మరే!” అన్నాడు మునస్వామి. ఆయన మండీలో నోటిమాట మీద లారీలకు లారీలు సరుకు కదులుతుంది. మనిషి ఎదురుగా ఏడ్చి చెప్పిన మాటకు విలువ లేకపోవడం ఆయన ఎన్నడూ చూసినవాడు కాదు. తెల్లబోయి ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఊరు నమ్మకపోయినా నమ్మవలసిన ఒక్కడు నమ్మాడు. బల్ల మీది ఫోన్లోంచి మునికృష్ణ గొంతు మెల్లగా వచ్చింది. “సరే నాయనా. వాడు సేయలేదంటే మాకు వానితో ఏం పని? టీ తాగేసి బయల్దేరతాం. మోహనక్క సంగతి వచ్చినాక మాట్లాడతా.”

మోహన కొంగుతో మొహం తుడుచుకుంది. తన సంగతి ఏమైనా కానీ, అంగడి మూయిస్తే మూయనీ. తాయమ్మ కొడుకు సాయంత్రం ఇంటికి నడిచి వస్తాడు. నాలుగు రోజుల తర్వాత ఆమెకు ఆకలి తెలిసింది.

“లేమ్మా,” అంది భారతమ్మ కూతురితో. కొట్టిన చెంప మీదే చెయ్యి వేసి నిమిరింది. “పోదాం. నాయుడుపేటోళ్ళ కాడికి ఈ మోహనను పిల్సకపోయి సెప్పిస్తా. ఆ కంప్యూటర్ గూడా ఎత్తుకోని పోతాం. వాళ్ళకు సూపించి, తాంబూలాలు అనుకున్న దినానికే పెట్టుకుందాం.”

రాజశ్రీ లేవలేదు.

“నాకు ముందే తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“ఇది మోహనక్క చేసిందని. ఆ ఫోటో నన్ను ఈ స్టూలు మీద కూచోబెట్టి తీసినాది. కొత్తింటి ఫోటోలో నేను కండ్లు మూసుకున్యానని, ఫ్లెక్సీ కోసం మళ్ళీ తన ఫోన్లో తీసినాది. ఇంగెవురి కాడా లేదు. మొదటి దినమే గుర్తుపట్టినా.”

మోహన చప్పున స్టూలువైపు తిరిగింది. ఈ పిల్ల చేతిలో నాలుగు రోజులుగా తన గుట్టు ఉందా!

“తెలిసి...” భారతమ్మ మళ్ళీ కుర్చీలో కూలబడింది. “తెలిసి అన్ని దెబ్బలు తిన్యావా? నోరు తెరిచి ఒక్కమాట సెప్పలేకపోయినావా?”

“నన్ను ఎవురడిగినారమ్మా?” రాజశ్రీ మొదటిసారి తలెత్తింది. “ఎప్పట్నుంచి అని అడిగినారు. ఎన్నితూర్లు కలిసినారని అడిగినారు. ఇది నిజమా అని నువ్వు అడగలా, నాయన అడగలా, అన్న అడగలా. నాతో చదువుకునే వాళ్ళు, మన వీధిలోని వాళ్ళు, అందరూ ఆ బొమ్మ నాకే పంపించి మళ్ళీ శుభాకాంక్షలు చెప్పినారు. ఆ దినం సాయంత్రం ఒక్కరంటే ఒక్కరు అడిగినారు. మన ఫోటో ఎవురో చేసినారు, మీ ఇంట్లో మీకేమన్నా ఇబ్బందిగా ఉండాదా, నేను వచ్చి మీ నాయనకు చెప్పనా అని.”

“ఎవురు?” అన్నాడు మునస్వామి. తెలిసే అడిగాడు.

“ఆయనే. విజయ్.”

“నీ ఫోను నా బీరువాలో ఉండాది గదే!” అంది భారతమ్మ.

“లాప్‌టాప్ మీరు అడగలా కదమ్మా. ప్రాజెక్టు రాసుకుంటా ఉండానని వదిలేసినారు. ఆయన నెట్లో నా పేరు వెతికి దాంట్లోకే రాసినాడు.” ఆమె గొంతులో పొగరు లేదు, భయం మాత్రం ఉంది. భయపడుతూనే చెప్పింది. “వస్తే కొడతారు, రావొద్దని నేనే రాసినా. ఆయన రాసినాడు. మళ్ళీ నేను రాసినా. నాలుగు దినాలుగా నువ్వు కొట్టిపోయినాక నాతో మాట్లాడింది ఆయనొక్కడే. అక్క చెప్పింది నిజమే నాయనా. ఆ బొమ్మ చేసినప్పుడు ఆయనెవురో నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. నాయుడుపేటోళ్ళకు ఏమీ చెప్పొద్దు. నాకా సంబంధం వద్దు.”

“నాయనా.”

అందరూ ఉలిక్కిపడ్డారు. మునికృష్ణ గొంతు. ఆ గందరగోళంలో ఫోను పెట్టేయడం ఎవరికీ తోచలేదు, అటు అతనూ పెట్టేయలేదు.

“నాయనా, ఏమంటా ఉండాది అది?”

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. మునస్వామి ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. “రేయ్ కిట్టా! నా మాట విను. కదలద్దురా. వొట్టేసినావు నువ్వు!”

“ఆ వొట్టు అబద్ధం ఫోటోకి నాయనా. ఇప్పుడది నిజమైపోయినాది,” అన్నాడు మునికృష్ణ. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

టీ అంగడికీ లాడ్జికీ మధ్య ఎంత దూరం, రోడ్డు దాటేంత. రాజశ్రీ స్టూలు మీంచి లేచి వచ్చి మోహన రెండు చేతులూ పట్టుకుంది. “అక్కా, ఆయన నంబరు నా కాడ లేదు. రాసుకోవడమే గానీ నంబరు అడగలా. నీ కాడ ఉంటాది గదా, క్రిస్మస్‌కి ఫ్లెక్సీ వేయించినాడు గదా. బిన్నా, తొందరగా చెయ్యక్కా!”

మోహన వేళ్ళు రెండుసార్లు తప్పు పేరు మీద పడ్డాయి. మూడోసారికి దొరికింది. మునస్వామి వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. ధనశేఖర్ భుజం మీది తాడు జారి కింద పడింది. రింగు పోతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగో రింగుకు ఎత్తాడు.

“మోహనక్కా, బాగుండావా?” అన్నాడు విజయ్ కుమార్ నవ్వుతూ. “రవంత లైన్‌లోనే ఉండక్కా. ఎవురో అయిదుమంది వస్తా ఉండారు, రూములు అడిగేదానికేమో.”